తాగని డీజిలు

భార్య బోటు డీజిలు ట్యాంకులో ముంచిన కొలకర్రను పైకి తీసి చూసింది.

"పొద్దుట్నుంచీ గాలాలు లాగుతూ తిరిగానన్నారు?"

"తిరిగాను. ఒక్క చేపా తగల్లేదు," అన్నాడతను.

"ఇంత పెద్ద ఇంజిన్, ఎంత నెమ్మదిగా నడిపినా ఎనిమిది గంటలకి ముప్పై లీటర్లు తాగాలి. మూడే తాగింది."

"కాస్త దూరం వెళ్లి ఆపేశాను."

"ఆపేసి?"

"కూర్చున్నాను. మా అమ్మ గొంతు అక్కడిదాకా రాదు."

ఒడ్డునే ఉన్న ఇంట్లోంచి ఆవిడ కోడల్ని మూడోసారి పిలిచింది. ఆ పిలుపులకి పగలంతా పలికేదెవరో అతను ఇన్నేళ్లూ ఆలోచించలేదు.

భార్య కొలకర్ర తుడిచి, అతని చేతిలోంచి బోటు తాళంచెవి తీసుకుంది.

"రేపు అత్తయ్యగారి దగ్గర మీరుండండి. బోటు నేను తీసుకెళ్తాను."

"గాలాలు సర్దిపెట్టనా?"

"అవెందుకు?" అంది.