పిన్నీసు మాట తప్పిన రోజు

"పోయింది! తాళంచెవి ఎక్కడో పోయింది!"

సంఘ పెద్ద కోటు జేబులన్నీ తిరగేశాడు. ఆయన కూతురి పెళ్లి. పెళ్లికూతురు కారులో ఉంది, వియ్యాలవారు మెట్ల మీద నిలబడ్డారు. చెక్కలోనే తాళం బిగించిన చర్చి తలుపు, రాత్రంతా వానకు నానింది, ఎంత నెట్టినా తెరుచుకోవడం లేదు.

"నిన్న సాయంత్రం నా చేత్తోనే తాళం వేశాను బావగారూ. ఇంకొకళ్లకు ఇవ్వను. మా సంఘంలో ఎలాంటివాళ్లు చేరారో మీకు తెలియదు" అన్నాడు వియ్యంకుడితో.

ఎలాంటివాళ్లో అక్కడ మిగతా అందరికీ తెలుసు. గోడ పక్కన పిన్నీసు తల దించుకున్నాడు. ఒకప్పుడు చిన్న పిన్నీసుతో ఎంతటి తాళాన్నైనా తీసేవాడు గనక ఆ పేరు. బాప్తిస్మం పుచ్చుకున్ననాడు, ఇక జన్మలో తాళం తీయనని దేవుడికి మాటిచ్చాడు. అప్పట్నుంచీ కుర్చీలు అల్లుకుని బతుకుతున్నాడు. అయినా అతను పక్కన కూర్చుంటే చాలు, జనం సంచులు ఒళ్లోకి లాక్కుంటారు.

పెద్దాయన చూపు చివరికి అతని మీదే పడింది.

"ఒరేయ్, ఇలా రా. నీ పాత విద్య కాస్త చూపించు."

"మానేశానండీ."

"మానేశావని ఇక్కడెవరూ నమ్మలేదులే. కానివ్వు!"

అందరూ నవ్వారు. పిన్నీసుకు ఏడుపొచ్చినంత పనైంది. తీస్తే జన్మంతా దొంగే. తీయకపోతే పెళ్లి చెడగొట్టిన పాపాత్ముడు.

పాస్టరుగారు దగ్గరికొచ్చారు. "నువ్వెవరివో వీళ్లు తేల్చేదేమిటయ్యా? దేవుడు నిన్ను కొడుకా అన్నాడు. తండ్రి ఇంటి ముందు నిలబడి ఈ భయమేమిటి?"

ఎన్నో ఆదివారాలు విన్న మాటే. ఇవాళే ఎందుకో సూటిగా గుండెకు తగిలింది. పిన్నీసు తలెత్తి మెట్లెక్కాడు.

వంగి తలుపు సందులోకి చూశాడు. ఒక్క క్షణం కదల్లేదు. వెనక్కి తిరిగి పెద్దాయన ముఖం చూశాడు, ఆయన పక్కనున్న వియ్యంకుడి ముఖం చూశాడు.

"ఎవరైనా ఒక పిన్నీసు ఇవ్వండమ్మా."

మళ్లీ నవ్వులు. తాళం రంధ్రంలో దాన్ని అటూ ఇటూ తిప్పి, భుజంతో గట్టిగా ఒక్క తోపు తోశాడు. తలుపు తెరుచుకుంది.

"చూశారా, చెయ్యి తిరిగినవాడు!" అన్నాడు పెద్దాయన. "అందుకే బావగారూ, తాళం విషయంలో నా జాగ్రత్త నాది."

వియ్యంకుడు తన చేతి గడియారం తడుముకున్నాడు. అది చూసి పిన్నీసు హాయిగా నవ్వేశాడు. వెళ్లి, ఎన్నడూ లేనిది, ముందు వరసలో కూర్చున్నాడు.

పెళ్లయ్యాక పాస్టరుగారు అతన్ని పక్కకు పిలిచారు. "నీ చేత మాట తప్పించాను. బాధగా ఉందా?"

"నేను మాట తప్పలేదండీ. మీరు మాత్రం పెద్దాయనతో అనకండి, పాపం, వియ్యాలవారి ముందు తలెత్తుకోలేరు."

"ఏమని?"

"ఆయన నిన్న తాళమే వెయ్యలేదు."