వెనక వణుకు

“వణుకుతోంది బండా, నువ్వా?” అన్నాడు మేస్త్రి, బాగుచేస్తున్న కారు కింద నుంచి తల కూడా బయటపెట్టకుండా.

డ్రైవరు నొచ్చుకోలేదు. “బండే, మేస్త్రీ. కదిలేటప్పుడు వెనక భాగమంతా గడగడలాడుతోంది. కాస్త వేగం అందుకుంటే తగ్గిపోతుంది.”

“అయితే వేగంగా పో.”

“నా పనిలో వేగం కుదరదు కదా.”

మేస్త్రికి ఈ లోకంలో రెండు రకాల మనుషులంటే చులకన. బండి గురించి ఏమీ తెలియనివాళ్ళు, కొంచెం తెలిసినవాళ్ళు. డ్రైవరు ఈ రెండో రకం. వీళ్ళు మరీ ప్రాణం తీస్తారు. షెడ్డు బయట ఆగి ఉన్న ఆ పొడుగాటి పాత కారును చూస్తే పాత ఇనుము కొనేవాడు కూడా మొహం తిప్పుకుంటాడు. దాన్ని ఇంకా తుడిచి మెరిపించుకుంటున్నాడు ఈ మహానుభావుడు.

“ఇంతకుముందు ఎవరికి చూపించావు?”

“సందు చివర షెడ్డులో. టైర్లు మార్చారు. తర్వాత ఇంకోచోట వెనక స్ప్రింగు పట్టీలు మార్చారు.”

“తలనొప్పని వెళ్తే మోకాలికి కట్టుకట్టి పంపారన్నమాట! వాళ్ళు మేస్త్రీలు, నువ్వు డ్రైవరు. సరిపోయారు ఒకరికొకరు.” మేస్త్రి కారు కింద నుంచి బయటికొచ్చి కూర్చున్నాడు. “సరే, వెనక ఎక్కేవాళ్ళెవరైనా ఇప్పటిదాకా నోరెత్తారా?”

“లేదు.”

“ఒక్కరైనా?”

“ఒక్కరూ ఎత్తలేదు.”

“మరి నీకెందుకయ్యా బాధ? వాళ్ళకు లేని నొప్పి నీకొచ్చిందా?”

డ్రైవరు చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. “రేపు పొద్దున ఒకావిడ ఎక్కాలి. ఆవిడకి కుదుపు పడదు.”

“పడదని ఆవిడ చెప్పిందా నీకు?”

“చెప్పింది, మేస్త్రీ. చాలాసార్లు చెప్పింది.”

మేస్త్రి పగలబడి నవ్వాడు. ఇలాంటి చాదస్తం తన సర్వీసులో చూడలేదు. “నా చేతిలో వేరే పనుంది. ఎల్లుండి తీసుకురా, చూద్దాం.”

“ఎల్లుండి లాభం లేదు. రేపే.”

షెడ్డు వెనకే ఇల్లు. వంటింటి కిటికీలోంచి మేస్త్రి భార్య కేకేసింది. “మనిషి అంతగా అడుగుతుంటే చూసి పంపించొచ్చు కదా! ఆ గ్రీజేదో కాస్త నోటికి కూడా రాసుకోకూడదూ!”

మేస్త్రి గొణుక్కుంటూ లేచాడు. తాళాలు లాక్కుని కారును వీధి చివరిదాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాడు. వణుకూ లేదు, వంకాయా లేదు.

“చూశావా? నీ భ్రమ.”

“ఖాళీగా ఉంటే వణకదు. వెనక ఒక మనిషి బరువైనా పడాలి.”

“ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! నువ్వు నడుపు. నేను వెనకెక్కి వింటాను.”

డ్రైవరు కంగారుపడ్డాడు. “మీరెందుకు, మేస్త్రీ? ఇసుక బస్తా వేద్దాం.”

“ఏం, నేనెక్కితే నీ బండి మైలపడుతుందా?”

మేస్త్రి ఎక్కి, కారు నేలకు చెవి ఆనించి బోర్లా పడుకున్నాడు. ఎండిన పూలరేకులు చెంపకు అంటుకున్నాయి. ముసలి బండికి ఈ సింగారం ఒకటి అనుకున్నాడు. కారు కదలగానే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. సరిగ్గా పొట్ట కింద ఎవరో గుద్దుతున్నట్టు చప్పుడు. దొంగ దొరికాడు. మలుపులో దిగ్గున లేచి, కిటికీ అద్దం మీద కొట్టి “ఆపు!” అని అరిచాడు. రోడ్డు దాటుతున్న పెద్దాయన ఒకాయన ఆ అరుపుకి సంచి వదిలేసి పరుగెత్తాడు. మేస్త్రికి ఆయనన్నా చులకనే కలిగింది. మనుషుల్లో ధైర్యం ఎంత కరువైపోయిందో!

షెడ్డుకొచ్చి, బండి పైకెత్తి, టార్చి వేసి చూపించాడు. ఇంజను నుంచి వెనక చక్రాలకు వెళ్ళే పొడుగాటి షాఫ్టు. దాన్ని నడుమ పట్టి ఉంచే బేరింగు. బేరింగు చుట్టూ రబ్బరు. ఆ రబ్బరు చిరిగి వేలాడుతోంది.

“వెనక బరువు పడగానే షాఫ్టు వంగి కొట్టుకుంటోంది. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకొచ్చారు నీ మేస్త్రీలు. అయినా తప్పు నీదే. సగం క్లచ్చు నొక్కి నత్తలా ఈడిస్తే రబ్బరు కాదు, రాయైనా చిరుగుతుంది. ఈ బండి పుట్టాక మూడో గేరు మొహం చూసిందా అసలు?”

“లేదు,” అన్నాడు డ్రైవరు నిజాయితీగా.

పాత సామాన్లలో వెతికి రబ్బరూ బేరింగూ బిగించేసరికి మేస్త్రి మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది. అప్పటికీ డ్రైవరు వదల్లేదు. ఈసారి తను వెనక ఉంటానన్నాడు. మేస్త్రి పళ్ళు నూరుకుంటూ నడిపాడు. ఆపమంటే ఆపాడు, కదలమంటే కదిలించాడు. మళ్ళీ ఆపమన్నాడు. అద్దంలో చూస్తే డ్రైవరు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“నిద్రపోతున్నావా?”

“లేదు. ఇప్పుడు మెత్తగా ఉంది. ఆవిడకేం తెలియదు.”

అరచేత్తో కారు నేలను మెల్లగా నిమిరాడు. దుమ్ము తుడుస్తున్నాడేమో అనుకున్నాడు మేస్త్రి.

షెడ్డు ముందు దిగి తాళాలు విసిరాడు. ఇంత చాకిరీ చేయించుకున్న ఆ మహారాణి ఎవరో తెలుసుకోకపోతే ఆ చల్లారిన అన్నం కూడా దిగేలా లేదు.

“ఇంతకీ ఎవరయ్యా ఆవిడ? మంత్రిగారి అత్తగారా?”

“మా అమ్మ, మేస్త్రీ,” అంటూ డ్రైవరు తన శవాల బండిని మెల్లగా రోడ్డెక్కించాడు.