పెళ్లి ఫోటో, పెద్ద సైజులో

“ఇది ప్రింట్‌కి పనికిరాదట డాడీ! బ్యానర్ మీద వేస్తే మీ ముఖాలు గళ్లుగళ్లుగా వస్తాయని షాపువాడు రిజెక్ట్ చేశాడు,” అంటూ అక్షయ్ లాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు.

మర్నాడే దామోదర్ షష్టిపూర్తి. షికాగో శివార్లలోని అరోరాలో గుడి పక్కనున్న హాలు బుక్ చేశారు. దామోదర్, విద్య మళ్లీ పెళ్లి పీటల మీద కూర్చోబోతున్నారు. వాళ్ల వెనక అసలు పెళ్లినాటి ఫోటో నిలువెత్తున కనిపించాలని కొడుకు పంతం. అక్షయ్ షికాగోలో ఒక అడ్వర్టయిజింగ్ ఆఫీసులో డిజైనర్. బొమ్మల విషయంలో కుదరదన్న మాట అతనికి గిట్టదు.

ఆ ఇంట్లో అతను చూసిన పెళ్లి ఫోటో ఒక్కటే. విద్య పుట్టినరోజుకని దామోదర్ పవర్‌పాయింట్ నేర్చుకుని మరీ తయారుచేసిన స్లైడ్లలో ఉంది. ఆ స్లైడ్‌నే బొమ్మగా సేవ్ చేసి అక్షయ్ షాపుకి పంపాడు.

“ఒరిజినల్ ఎక్కడుంది మమ్మీ?”

“ఇల్లు మారినప్పుడు పోయినట్టుంది,” అంది విద్య తలెత్తకుండా. తాంబూలం సంచుల్లో కుంకుమ పొట్లాలు సర్దుతోంది.

“పోనీ, మొన్న గ్రాండ్ కాన్యన్‌లో తీసుకున్నది వేయించరా. అందులో మీ అమ్మ బాగా పడింది,” అన్నాడు దామోదర్.

“నో వే! స్లైడ్‌లో చిన్నగా కనిపిస్తోంది గానీ, మీరు స్కాన్ చేసిన ఫోటో ఫుల్ సైజ్‌లో ఈ ఫైల్ లోపలే ఉంటుంది. చూస్తూ ఉండండి.”

అక్షయ్ ఫైలుకి ఒక కాపీ తీశాడు. దాని పేరు చివరనున్న అక్షరాలు చెరిపేసి ‘జిప్’ అని టైప్ చేశాడు. మూట విప్పినట్టు ఫైలు కాస్తా ఫోల్డర్లుగా తెరుచుకుంది.

“నేను కట్ చేసి పెట్టిన ముక్కే కదా వచ్చేది?” దామోదర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“కాదు డాడీ. క్రాప్ చేస్తే మిగతాది దాస్తుందంతే, డిలీట్ చేయదు. హోల్ ఫోటో వచ్చేస్తుంది.”

విద్య చేతిలో పొట్లం జారి కుంకుమ టేబుల్ మీద ఒలికింది. “వద్దులే అక్షయ్, మూసేయ్. గ్రాండ్ కాన్యన్‌ది చాలు.”

“వన్ మినిట్ మమ్మీ, అయిపోయింది.”

మీడియా అన్న ఫోల్డర్‌లో వరసగా బొమ్మలున్నాయి. అక్షయ్ ఒకదాని మీద క్లిక్ చేశాడు. స్క్రీన్ నిండా పెళ్లికూతురి ముఖం. నుదుట కట్టిన బాసికం మీది ముత్యాలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. పక్కన సన్నటి మీసంతో దామోదర్.

“చూశారా! దీన్ని హైవే మీద బిల్‌బోర్డ్‌కైనా ఎక్కించొచ్చు!” అక్షయ్ రెండు చేతులూ పైకెత్తాడు.

అతను ఫోటోని మెల్లగా కిందికి జరిపాడు. స్లైడ్‌లో భుజాల దాకానే ఉన్న బొమ్మ ఇప్పుడు పీటల దాకా కనిపించింది. పెళ్లికొడుకు ఒళ్లో రెండేళ్ల పిల్లాడు. వదులైన పట్టుచొక్కా, నుదుట వాడికీ ఒక బుల్లి బాసికం. పెళ్లికొడుకు కండువాని వాడు గుప్పిట్లో బిగించి పట్టుకున్నాడు.

అక్షయ్ నవ్వేశాడు. “సో క్యూట్! ఎవరీ బాబు? మీ ఒళ్లో భలే సెటిలయ్యాడే!”

దామోదర్ భార్య వైపు చూశాడు. విద్య చాలాసేపు ఆ ఫోటోనే చూసి, చివరికి తలూపింది.

దామోదర్ కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

“నన్ను చూసి అప్పటికి నెలైనా కాలేదు నువ్వు. మీ అమ్మకి తాళి కట్టాలి, కాస్త దిగరా అంటే వినలేదు... నా ఒళ్లోంచి కదలనని ఒకటే పేచీ పెట్టావురా నువ్వు!”