ఏడు కాగితపు మెడలు

నాకు రాత ఆలస్యంగా వచ్చింది. ఒత్తులు ఇంకా చేతికి లొంగవు. ఈ కాస్తా రాయడానికే నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

బ్యాంకు మేనేజరమ్మ బల్ల మీద ఏడు కాగితపు మెడలున్నాయి.

గుండ్రటివి నాలుగు, పలకవి రెండు, ఒకటి కోలమెడ. గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసుకోవడానికి దర్జీలు కత్తిరించుకుంటారే, అవి.

"ఇవేంటండీ?" అంది మేనేజరమ్మ.

"మీ ఉత్తరాలేనమ్మా," అంది మిషనత్త.

వీధంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ముందు గదిలో కుట్టుమిషను. పాతికేళ్ళుగా అదే గది, అదే కిటికీ వెలుతురు. ఇల్లు మాత్రం అద్దెది.

ఇప్పుడు ఇల్లుగలాయన అమ్మేస్తానంటున్నాడు. "నెలాఖరు దాకా ఇంకెవరికీ చూపించనులే," అని మాటిచ్చాడు. అంతవరకే.

కూతురు నర్సు. జీతముంది. అదే ఇల్లు కొనుక్కుందామని ఇద్దరి పేరుమీదా ఇంటి అప్పుకి అర్జీ పెట్టారు.

కంప్యూటర్లో మిషనత్త పేరు కొట్టగానే ఏడు ఎర్ర గీతలొచ్చాయి. ఆరేళ్ళ కిందటి మిషను అప్పు. ఏడు నెలలు వరసగా కట్టలేదు.

ఎందుకు కట్టలేదో రాసిమ్మన్నారు.

"నేను రాసిస్తాలే అమ్మా," అంది కూతురు.

"నువ్వు రాస్తే అందంగా ఉంటుంది. నమ్మరు."

తనే రాసింది. గీతల కాగితం, పెన్సిలు. ఆ కాగితమే ఇప్పుడు మేనేజరమ్మ చేతిలో ఉంది.

భర్త ఉన్నన్నాళ్ళూ మిషను అప్పు ఆయనే కట్టేవాడు. నెలనెలా కట్టేదాన్ని కిస్తీ అనేవాడు. ఆయన పోయిన మరుసటి నెల కవరొచ్చింది.

అప్పటికి మిషనత్తకు చదువు రాదు. కూతురు చదువు కోసం హాస్టల్లో ఉంది. మిషనత్తే పోస్టాయన్ని ఆపింది.

"పైన ఏం రాసుంది నాయనా?"

"వాయిదా అని ఉందత్తా." ఆయన సైకిలెక్కేశాడు.

వాయిదా. ఆ మాట ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో భర్త ఆపరేషను రెండుసార్లు వాయిదా వేశారు.

మనిషి పోయాడని తెలిసి, అప్పు తర్వాత కట్టుకోమన్నారు కాబోలు అనుకుంది. కవరుకి దణ్ణం పెట్టింది.

నెలనెలా కవరు. నెలనెలా దణ్ణం.

"మా బ్యాంకువాళ్ళంత మంచివాళ్ళు ఎక్కడా ఉండరు," అని కొలతలకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

ఎప్పుడడిగినా ఇచ్చెయ్యాలని, ఏ నెల డబ్బు ఆ నెల దారపుండల డబ్బాలో వేసింది.

కాగితం మందంగా ఉండేది. పారెయ్యడానికి చేతులు రాలేదు. మెడలు కత్తిరించుకుంది.

కూతురు సెలవులకొచ్చినప్పుడల్లా అక్షరాలు దిద్దించేది. ఆ చదువు సంగతులన్నీ ఆమె బ్యాంకుకి రాసిన ఉత్తరంలో లేవు. ఏడో కవరొచ్చాక ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మాత్రం ఉంది.

పలకమెడని గుడ్డ మీద పరిచి, సుద్ద పట్టుకుంది. కాగితం మీది అక్షరాలు వాటంతటవే పెదాల మీదికొచ్చాయి.

వా. యి. దా.

సంతోషమేసింది. తన మాటే! పక్కదాని మీదికి వేలు జరిపింది.

చె. ల్లిం. 'ల్లిం' దగ్గర చాలాసేపు ఆగింది. చ. నం. దు. న.

సుద్ద కింద పడింది.

మర్నాడు పొద్దున్నే, తాళం తియ్యకముందే బ్యాంకు గుమ్మంలో నిలబడింది. చంకలో డబ్బా.

మేనేజరమ్మ ఉత్తరం కింద పెట్టి కంప్యూటరు వైపు తిరిగింది. వేలితో ఒక గీత వెంబడి పోయింది.

"ఏడూ ఒకే రోజు కట్టినట్టుంది."

"డబ్బాలో ఉన్నాయి కదమ్మా."

మేనేజరమ్మ మెడల్ని తిరగేసింది. ఒక్కోదాని మీదా తమ బ్యాంకు ముద్రలో ముక్క, తారీఖులో ముక్క.

"ఈ సన్నమెడ ఎవరిదండీ?"

"వెనక వీధి టీచరుది. మీదీ అంతే ఉంటుంది. వేళకి తింటారా తినరా?"

"అమ్మా!" కూతురు మోచేత్తో పొడిచింది.

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. మేనేజరమ్మ కూడా నవ్వింది. నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలకంటుకున్నదేమీ లేదు.

"అడిగినంతా రాదండీ. వడ్డీ కూడా కాస్త ఎక్కువ పడుతుంది. పైవాళ్ళకి నేను రాస్తాను. ఇవి నా దగ్గర ఉంచుతారా?"

"కోలమెడ ఇచ్చెయ్యండమ్మా. రేపు ఒక గౌను ఇవ్వాలి."

ఆరు మెడలు గుండుసూదితో ఫైలుకెక్కాయి.

పదో రోజున కవరొచ్చింది. అదే పోస్టాయన. జుట్టు నెరిసింది, సైకిలు మారలేదు.

"చదివిపెట్టనా అత్తా?"

"వద్దు నాయనా."

ఆయన ఎక్కబోయినవాడు ఆగిపోయాడు.

గేటు పట్టుకుని మిషనత్త అక్షరం అక్షరం కింద వేలు పెట్టుకుంటూ పోయింది. లోపల ఎవరో కొలతలిద్దామని వచ్చి కూర్చున్నారు. కూర్చోనీ.

'మంజూరు' దగ్గర ఆగింది. సున్నా ఎక్కడుందో మళ్ళీ చూసుకుంది.

చివర్లో వాయిదా అన్న మాట కూడా ఉంది. నెలనెలా ఐదో తారీఖని. దాని కింద గోటితో గీసింది.

కాగితం మడిచి, కవర్లో పెట్టి, దణ్ణం పెట్టింది.

ఈసారి చదివాక పెట్టింది.

ఇట్లు,
మిషనత్త, వయసు అరవై ఒకటి.
ఉంటున్నది అదే ఇల్లు.