పెద్దాయన కూర్చుంటే

పెద్దాయన ఈసారి అపార్టుమెంటు ప్రెసిడెంటు గారి భార్య ముందు కూర్చున్నాడు.

పెద్దాయనంటే మనిషి కాదు, కుక్క. మూతి నెరిసిన ముసలి కుక్క. ఒక వానరోజు అది అపార్టుమెంటు సెల్లార్లో తడిసి వణుకుతుంటే లిఫ్టు మెకానిక్ చేరదీశాడు. మెడకి పట్టీ లేదు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. పెళ్లీ పెటాకులూ లేని మెకానిక్‌కి అదే సంసారమైంది. పెద్దాయన అని పేరు పెట్టుకున్నాడు.

కరవదు, మొరగదు. పిల్లలు తోక లాగినా పట్టించుకోదు. దానికున్నది ఒకటే అలవాటు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తుంది. ఒళ్లంతా వాసన చూస్తుంది. ఎదురుగా కూర్చుని వాళ్ల ముఖంలోకే చూస్తుంది. ఛీ కొట్టినా లేవదు.

మొదట రెండో అంతస్తు పోస్టుమాస్టరు ముందు కూర్చుంది. ఆయన మురిసిపోయి బిస్కెట్లు పెట్టాడు. కొన్నాళ్లకి మంచం పట్టి పోయాడు. వయసైంది కదా అనుకున్నారు. తర్వాత టైలరమ్మ ముందు కూర్చుంది. ఆమె పోయినప్పుడు కూడా ఎవరికీ అనుమానం రాలేదు. మూడోసారి జిమ్ము నడిపే పహిల్వాన్ ముందు కూర్చుంది. ఉక్కుముక్కలాంటి మనిషి. అతను కూడా చిక్కి శల్యమై ప్రాణం వదిలేసరికి అందరి వెన్నులో చలి పుట్టింది.

కుక్క కూర్చున్నాకే జబ్బు దిగుతోందని ఒకరన్నారు. యముడు దున్నపోతుని అమ్మేసి కుక్కని కొనుక్కున్నాడని ఇంకొకరు జోకేశారు. ఎవరూ నవ్వలేదు. అప్పట్నుంచి లిఫ్టులో అది కనిపిస్తే ఆరో అంతస్తు లావుపాటాయన కూడా మోకాళ్ల నొప్పులు మర్చిపోయి మెట్లెక్కేవాడు. తోటలో బెంచీల మీద ఆడవాళ్లు కబుర్లు మధ్యలో ఆపేసి, ఎవరి పనులు వాళ్లకి గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్లు.

అలాంటిది, సంచీ నిండా కూరలు మోసుకొస్తున్న ప్రెసిడెంటు గారి భార్య ముందు కూర్చుంది.

ఆవిడ భయపడలేదు. "ఏంటి తాతా, క్యారెట్ కావాలా?" అని తల నిమిరింది. బాల్కనీలోంచి చూసిన ప్రెసిడెంటు గారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు.

ఆయనకి కళ్లజోళ్ల షాపుంది. పిల్లల్లేరు. భార్యే లోకం. ఆవిడ తుమ్మితే ఈయనకి జ్వరమొచ్చే రకం. మర్నాడే మీటింగు పెట్టారు. కుక్కని వెళ్లగొట్టాలంటే చేతులన్నీ లేచాయి, ఆవిడ చెయ్యి తప్ప.

మెకానిక్ బతిమాలాడు. "నోరులేనిది సార్. ఈ వయసులో బయటికి తోస్తే ఎక్కడికి పోతుంది?"

"ఉంటే మా ఆవిడ పోతుందయ్యా," అన్నారు ప్రెసిడెంటు గారు.

చివరికి ఆవిడే మధ్యే మార్గం చెప్పింది. ఎవరైనా తీసుకెళ్లేదాకా కుక్క మెకానిక్ గది గడప దాటకూడదు. ప్రెసిడెంటు గారు దాని ఫోటో తీసి, ఉచితంగా ఇస్తామని నెట్లో పెట్టారు. ముసలి కుక్క ఎవరిక్కావాలి? ఒక్కరూ అడగలేదు.

మెకానిక్ గది సెల్లార్లో, కార్ల వెనక. రోజంతా లోపల్నుంచి చప్పుడుండేది కాదు. ప్రెసిడెంటు గారి భార్య అటుగా నడిస్తే మాత్రం కుక్క తలుపు గీరడం మొదలెట్టేది. ఆవిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడిచినా కనిపెట్టేది. మూసిన తలుపు వెనక గోళ్ల చప్పుడు ఆవిడ ఎటు నడిస్తే అటు జరిగేది.

"దానికి నేనంటే ఎందుకో ప్రాణం," అనేది ఆవిడ.

ఆ ప్రాణమే వద్దని, ప్రెసిడెంటు గారు కారు తీసుకెళ్లి వీధిలో పెట్టడం మొదలెట్టారు. ఆవిణ్ణి సెల్లారు మెట్లు దిగనివ్వలేదు.

ఏడాది తిరిగింది. అపార్టుమెంటులో ఎవరూ పోలేదు. ఏ తిండీ మానకుండానే సన్నబడ్డానని, జాకెట్లన్నీ వదులైపోయాయని ఆవిడ సంబరపడుతోంది. గండం గడిచిందని ఆయన గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారు.

ఒక ఆదివారం ఎవరో నడివయసు ఆవిడ, నెట్లో ఫోటో చూశానంటూ వచ్చింది. మెకానిక్ తలుపు తీయగానే కుక్క ముసలితనం మర్చిపోయి ఆమె మీదకి దూకింది. ఆమె దాన్ని వాటేసుకుని ఏడ్చింది. ఎప్పుడో వ్యానులోంచి దూకి తప్పిపోయిందట. వెతకని వీధి లేదట. మెకానిక్ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

ప్రెసిడెంటు గారు ఆమెని, కుక్కని గుమ్మం బయటే ఉంచి కాసేపు కూర్చుని వెళ్లమని ఇంటికి పిలిచారు. కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. పాపం, తెలియక కొరివితో తల గోక్కుంటోందనిపించింది. పోస్టుమాస్టరు సంగతి, టైలరమ్మ సంగతి, పహిల్వాన్ సంగతి పూసగుచ్చినట్టు చెప్పారు. వింటున్నకొద్దీ ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"మీరు జాగ్రత్తమ్మా," అన్నారు. "మా ఆవిడ ముందు కూడా కూర్చుంది. ఏడాదిగా దూరం పెట్టాం కాబట్టి దక్కింది."

అప్పుడే ఆయన భార్య మంచినీళ్లు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. గుమ్మం బయటున్న కుక్క లేచి లోపలికొచ్చి, వాసన చూసి, ఆవిడ ఎదురుగా కూర్చుంది. ప్రెసిడెంటు గారు కుర్చీ తన్నుకుంటూ లేచారు.

వచ్చినామె ఆయన్ని ఆపి, ఆవిడ చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా అంది: "అమ్మా, ఇది పెద్దాసుపత్రిలో నా దగ్గర పనిచేసిన కుక్క, ఒంట్లో క్యాన్సర్ పుడుతుండగానే వాసన పట్టి, ఇంకా టైముంది బతికించుకోండని చెప్పడానికే అలా మనిషి ముందు కూర్చుంటుంది."