ఆంధ్రా బోర్డు కింద పిల్ల

ఆంధ్రా బోర్డు తీసేస్తానంది హెడ్‌మిస్ట్రెస్.

అది తొంభై నాలుగు. భిలాయిలో, ఉక్కు కారఖానా టౌన్‌షిప్పు స్కూల్లో ఏకతా దినం. కారఖానాలో పనికి ఏయే రాష్ట్రాల నుంచి జనం వచ్చారో ఆ రాష్ట్రాలన్నిటికీ ఒక్కో బోర్డు పెట్టారు. బోర్డు కింద ఒక పిల్లో పిల్లాడో నిలబడి తమ ఇంటి గురించి నాలుగు మాటలు చెప్పాలి. హిందీ పనికిరాదు. పంజాబీ సిద్ధం. బెంగాలీ సిద్ధం. మలయాళం ఎప్పుడో సిద్ధం. తెలుగు లేదు.

తెలుగువాళ్ళు లేక కాదు. ఏ వీధిలో చూసినా వాళ్ళే. ఉగాదికి పందిరేసి తెలుగుతల్లికి దండలేస్తారు. మన భాష తేనె అని మైకులో అరుస్తారు. ఇంటికెళ్ళి పిల్లల్ని హిందీలో తిడతారు.

రిహార్సల్లో ముందు తెలుగు సంఘం కార్యదర్శి గణపతిరావు కూతురు భాగ్యరేఖని నిలబెట్టారు.

"నా పేరు భాగ్యరేఖ హై," అందా పిల్ల.

తర్వాత కారఖానా కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసే అప్పలసూరి కొడుకు అనిల్‌కుమార్. వాడు కాసేపు పైకప్పు చూసి, "ముఝ్‌సే నహీఁ హోగా," అని హిందీలోనే చేతులెత్తేసి దిగిపోయాడు.

గణపతిరావుకి చెమటలు పట్టాయి. రాబోయే ముఖ్య అతిథి గురునాథరావు. కారఖానాలో పెద్దాఫీసరు, విజయనగరం మనిషి. సంఘం భవనానికి స్థలం ఇప్పించాల్సింది ఆయనే. ఆయన ముందు ఆంధ్రా బోర్డు లేకపోతే ఇక స్థలం సంగతి మర్చిపోవచ్చు.

మర్నాడు అప్పలసూరి పెళ్ళాం నూకమ్మ ఒక పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఈ గుంటని అడగండి. నా సేతి కూడు తిని పెరిగింది. గడగడా మాటాడతాది."

క్లాసు టీచరు ఇంద్రాణి పిల్లని చూసింది. "ఈ అమ్మాయిని ఏ బోర్డు కిందా పెట్టలేదు నూకమ్మా."

"అందుకే తెచ్చినాను టీచరమ్మా. అందరూ టేజీ ఎక్కుతారు, నానేటి, కుర్సీలు తుడవాలా అని రోజూ ఏడుపే."

టీచరు బోర్డుల జాబితా ఓసారి చూసుకుంది. తర్వాత, "చీర కట్టి తీసుకురా," అంది.

"ఎవరమ్మాయి?" అన్నాడు గణపతిరావు.

"మన ఈది గుంటే బాబూ."

అంతకన్నా ఆయనకి అక్కర్లేదు.

ఏకతా దినం నాడు నూకమ్మ తన నేత చీర సగానికి మడిచి పిల్లకి కట్టింది. పిల్ల ఆంధ్రా బోర్డు కింద నిలబడింది. తడబడలేదు.

"మాది ఇదే ఊరండి. మా తాత ఒరి పండించీవోడు. ఇప్పుడా పొలం లేదు. మా నాయిన కారఖానా పనికెల్తాడు. ఎండల్లో మా ఇంట్లో ఏటి తింటామో తెలుసాండి? రేత్రి అన్నంలో నీలు పోసి ఉంచుతాం. పొద్దున్న ఉల్లిపాయి కొరుక్కుని తినేత్తాం. కడుపు సల్లగుంటాది. మా అమ్మ ఉప్పు ఎక్కువేసేత్తాది."

జనం నవ్వారు. గురునాథరావు నవ్వలేదు. జేబురుమాలు తీశాడు.

"తరవాణి అన్నం," అన్నాడు పక్కాయనతో. "మా అమ్మ పెట్టేది."

లేచి మైకు అందుకున్నాడు. "చూడండయ్యా. పుట్టింది ఇక్కడ. ఇదే మా ఊరంటోంది. అయినా తాత పొలం మర్చిపోలేదు, ఇంటి కూడు మర్చిపోలేదు, భాష మర్చిపోలేదు. మూలాలంటే ఇవీ. మరి మీ పిల్లలకేం రోగం?"

సంఘంవాళ్ళు తలలు దించుకున్నారు. భాగ్యరేఖ మాత్రం హాయిగా చప్పట్లు కొట్టింది.

మొదటి బహుమతి, స్టీలు టిఫిన్ డబ్బా, ఆ పిల్లకే.

"తెలుగు రక్తం సార్, ఎక్కడికి పోతుంది," అన్నాడు గణపతిరావు. స్థలం ఖాళీగా ఎక్కడుందో చూడమని గురునాథరావు అక్కడికక్కడే చెప్పేశాడు.

నూకమ్మ పిల్లని స్టేజీ దించి, కొంగుతో మొహం తుడిచి, గేటు దగ్గరికి నడిపించుకెళ్ళింది.

అక్కడ ఆ పిల్ల కన్నతల్లి బిసాహిన్ బాయి, కారఖానా రాకముందు నుంచీ ఈ నేల మీదే ఉన్న ఛత్తీస్‌గఢీ మనిషి, కూతురు మైకులో ఏం మాట్లాడిందో ఒక్క ముక్కా అర్థం కాక నూకమ్మ చేత హిందీలో చెప్పించుకుంది.