మొన తేలని మొటిమలు

సూర్యాపేట బస్టాండులో కోదాడ బస్సు కోసం కూర్చున్న సునీత పక్కకు ఒకామె వచ్చి కూర్చుంది.

నలభై దాటిన మనిషి. చెంపల నిండా గుంటలు, తొలి చినుకులు పడ్డ దుమ్ము నేలలా.

కాసేపు సునీత ముఖంలోకే చూసింది.

"వార్తలు చదివే పిల్లవు గదా? నీ వీడియోలన్నీ సూస్త," అంది.

సునీత నవ్వింది. ఊళ్లో యూట్యూబ్ ఛానల్ పెట్టిన సంజీవ్ దగ్గర ఆమె వార్తలు చదువుతోంది. బయట నలుగురు గుర్తుపట్టి పలకరించడం ఇప్పుడిప్పుడే మొదలైంది.

"దవడ కింద మొటిమలు లేస్తున్నయి. పౌడరు ఏసినా కనవడుతున్నయి," అందామె.

సునీత నవ్వు ఆగిపోయింది. ఆ మధ్య వీడియోల కింద జనం రాసే మాటలన్నీ వాటి గురించే.

ఆమె ఆపలేదు. ముక్కు మీద నల్లగా, నుదుటి మీద తెల్లగా పైపైన ఉండేవి కడుక్కుంటూ ఉంటే తగ్గుతాయట. ఎర్రగా లేచి చీము పట్టేవి మందు రాస్తే ఎండిపోతాయట. సునీతవి ఆ రెండూ కావట.

"గివి లోపల గోలీల లెక్క గట్టిగుంటయి. మొన తేలవు. పోయేటప్పుడు గుంట పెట్టి పోతయి. పై పూతలతోని కాదు బిడ్డా, జల్ది చర్మం డాక్టరుకు సూపియ్యి."

చుట్టూ ఉన్నవాళ్లు తన దవడ వైపు తొంగిచూడటం సునీత గమనించింది. ఒళ్లు మండిపోయింది.

"గింత తెలిసినదానివి, నీ మొకం ఎందుకు గట్ల చేసుకున్నవ్?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"తెల్వకనే గిట్లయింది," అందామె. లేచి మిర్యాలగూడ బస్సు వైపు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక సునీత తల్లికి చెప్పింది. తల్లి సుగుణమ్మ అంగన్‌వాడీ టీచరు. భర్త జయరాజు మేళ్లచెరువు దారిలో లారీ గుద్ది పోతే, ఒళ్లో పిల్లతో ఒంటిచేత్తో సంసారం ఈదుకొచ్చిన మనిషి.

ఆమె ఎట్లుందని అడిగింది సుగుణమ్మ. సునీత చెబుతుంటే కూర తరగడం ఆపి విన్నది. అలాంటి వాళ్లతో మాటలు పెట్టుకోవద్దంది. మర్నాడు తనే మెడికల్ షాపుకు వెళ్లి, ఆడపిల్లలందరూ ఇదే వాడుతున్నారని ఒక క్రీము తెచ్చిచ్చింది.

వారం తిరక్కుండానే ముఖం నిగనిగలాడింది. సంజీవ్ కూడా మెచ్చుకున్నాడు.

ఆ నెలలోనే బస్టాండులో కలిసిన ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి ఛానల్ ఆఫీసుకే. కింద నిలబడి సునీతను పేరు పెట్టి అడిగింది. ఏం చేయాలో తోచక సునీత తల్లికి ఫోన్ చేసింది.

"పైకి రానియ్యకు. గాడ్నించి గాడనే పంపియ్యి," అంది సుగుణమ్మ.

సంజీవ్ దిగి వెళ్లి, ఇంకోసారి ఇటువైపు వస్తే పోలీసులను పిలుస్తానన్నాడు. ఆమె వాదించలేదు. వీడియోలో ఆ నిగనిగ చూసే భయపడి వచ్చానని, ఆ క్రీము ఏదైనా సరే మానెయ్యమని చెప్పి, ఒక డాక్టరు పేరు కూడా చెప్పి వెళ్లిందట. సంజీవ్ పైకొచ్చి ఆమెలాగే యాస పెట్టి అభినయించాడు. సునీత పడీపడీ నవ్వింది.

చలికాలం వచ్చేసరికి క్రీము పని చేయడం మానేసింది. ఒక్కరోజు రాయకపోతే ముఖమంతా మంట. దవడ కింద మొదలైన గడ్డలు మెడ దాకా పాకాయి. ఒకదానితో ఒకటి కలిసిపోయి, పగిలి, చీమూ నెత్తురూ కారాయి. రాత్రి వేసుకున్న దిండు గలీబు తెల్లారి ఉతకాల్సిందే.

సంజీవ్ మొదట మేకప్ మందంగా వేయమన్నాడు. తర్వాత కెమెరా దూరం జరిపాడు. ఆఖరికి కొన్నాళ్లు రెస్టు తీసుకోమన్నాడు.

ఆ మర్నాడే సునీత కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని వార్తలు చదివింది.

అప్పుడు వెళ్లారు తల్లీకూతుళ్లు చర్మం డాక్టరు దగ్గరికి. ఆయన లైటు వేసి, గడ్డలను వేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"మామూలు మొటిమలు కావమ్మా ఇవి, గడ్డ కట్టే రకం. దాని మీద స్టెరాయిడ్ క్రీము రాశారు. మొదట్లోనే వచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు. కొత్తవి లేవకుండా మందులిస్తా. పడ్డ గుంటలు మాత్రం పూర్తిగా పోవు."

మీ కుటుంబంలో ఎవరికైనా ఇలా ఉండేదా అని అడిగాడు. ఈ రకం చాలాసార్లు రక్తసంబంధంలో వస్తుందన్నాడు.

ఎవరికీ లేదంది సుగుణమ్మ.

బయట మందుల కోసం బల్ల మీద కూర్చున్నారు. సునీత చున్నీ కళ్ల దాకా కప్పుకుంది.

"నాయినకు ఉండెనా?" అని అడిగింది.

"మీ నాయినకు లేవు."

మందుల కౌంటరు వైపు చూస్తూ సుగుణమ్మే మళ్లీ అంది.

"నువ్వు పుట్టినప్పుడు ఆమె వచ్చింది."

"ఎవరు?"

"బస్టాండ్ల నీతోని మాట్లాడినామె."

చంటిపిల్లను ఒక్కసారి చేతికియ్యమని వాకిట్లో నిలబడి అడిగిందట. ఆ ముఖం తగిలితే బిడ్డకూ అంటుకుంటాయని సుగుణమ్మ లోపలికి రానియ్యలేదట. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా తలుపు తియ్యలేదట.

"నేను చెప్పిన్నాడే నీకు తెలిసిందా?" అంది సునీత.

"తెలిసింది. మళ్ల ఇంట్లకొస్తదని ఊకున్న."

"ఆమె మనకేమైతది?"

తండ్రికి ముందూ వెనకా ఎవరూ లేరని చెబుతూ కూతుర్ని పెంచిన సుగుణమ్మ, తల ఎత్తకుండానే, "మీ నాయిన చెల్లె ప్రమీల, నీ సొంత మేనత్త," అంది.